గుక్క

కొని పద్నాలుగు నెలలైంది.
ఇంకా పది వాయిదాలు.
కరన్‌సెబెష్‌లో పాత సినిమాహాలు పక్క కొట్టులో
నా అకార్డియన్ వదిలేసి
దీన్ని భుజానేసుకొచ్చాను.
అరవై ఒక్క మెట్లు, పదకొండున్నర కిలోలు,
వేలు పెడితే నీలంగా వెలిగే తెర.
వియోరికా దాని చుట్టూ ఓసారి తిరిగి
"తిండి పెట్టక్కర్లేదు కదా" అంది.

ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదీ:
పియానో బావుంది. నాకు పియానోతో పని లేదు.
వయొలిన్లూ బావున్నాయి,
నలభై మంది ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా
వాయిస్తున్నట్టు.
బాకాలు మరీ తోమిన ఇత్తడి.
నేనెరిగిన బాకాలకు సొట్టలుంటాయి.
అకార్డియన్ సంగతి అడగొద్దు.
ఎడమచేతివైపు మూడో నల్లమెట్టు
ఎండాకాలంలో టిక్కుమంటుంది.
డోలు మాత్రం రాయి.
తెల్లారేదాకా కొట్టినా వెంట్రుకవాసి జరగదు.
మా పాత డోలువాడు పావెల్
మూడో సీసా తర్వాత పరుగు లంకించుకునేవాడు,
పెళ్లికూతురు చెప్పులు చేతబట్టుకుని
వాణ్ణి అందుకునేది.
ఇప్పుడు ఎవరి చెప్పులూ ఊడటం లేదు.

అదనపు ధ్వనులు విడిగా కొనుక్కోవాలి.
చిటికెనవేలంత పెన్‌డ్రైవ్‌లో
మా బనాత్ సీమ మూట, నూట ఎనభై లెయ్:
కొండ వేణువు, సుత్తుల త్సంబల్, తారగోత్.
చోటు చాలదంది యంత్రం.
ఏదో ఒకటి తీసెయ్యమంది.
హవాయి గిటారు తీసేశాను,
హవాయివాళ్లు నన్ను క్షమించాలి.
సాంబా డోళ్లు తీసేశాను.
చర్చి గంట ఒకటుంది,
దాని దగ్గర చెయ్యి రాలేదు, ఉంచేశాను.
ఎప్పుడూ వాయించను.

తారగోత్ తెరిచి మొదటి స్వరం నొక్కిన రాత్రి
వియోరికా వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి
గుమ్మంలో నిలబడింది.
ఏమీ అనలేదు.
వెళ్లి, కడిగిన పళ్లేలే మళ్లీ కడిగింది.

మొన్న వేసవిలో గ్లింబోకలో పెళ్లి.
చివరి బల్ల దగ్గర ఇలారియోన్.
రెషిత్సా కొలిమిలో ఇరవై ఆరేళ్లు,
సగం ఊపిరితిత్తి అక్కడే జమకట్టి వచ్చాడు.
ఒకప్పుడు ఆయన తారగోత్ ఎత్తితే
గడ్డి కోసేవాళ్లు కొడవళ్లు దించేవాళ్లు.
ఇప్పుడది బీరువా మీద, గుడ్డలో.
ఆయన లేచి వెళ్తాడు, అప్పుడు చూద్దామని
అర్ధరాత్రి దాకా ఆ ధ్వని జోలికి పోలేదు.
ఆయన లేవలేదు.
పెళ్లికొడుకు మేనమామ వచ్చి
నా కాలర్లో నోటు దోపి "దోయినా" అన్నాడు.
నొక్కాను.

బల్లగుడ్డ మీద, రొట్టె పొడి మధ్య
ముసలాయన వేళ్లు కదిలాయి.
లేని రంధ్రాలు మూస్తూ, తెరుస్తూ,
నాకంటే అరస్వరం ముందు.
ఒకచోట ఆగాయి. నేను ఆగలేదు.
మళ్లీ ఆగాయి.
నేను నూనెధారలా పోతూనే ఉన్నాను.

అయ్యాక, కుర్చీ తర్వాత కుర్చీ పట్టుకుంటూ వచ్చాడు.
బావిలోకి చూసినట్టు మెట్లమీదికి వంగాడు.
"లోపల ఊదుతున్నది ఎవరు?"
తెలీదన్నాను. ఎక్కడో తలుపులు మూసిన గదిలో
ఎవరో, ఒక్కో స్వరానికీ కూలి తీసుకుని.
"మంచివాడే. పెదవి గట్టిది."
దగ్గాడు. అది అయ్యేదాకా ఇద్దరం ఆగాం.
"కానీ వీడికి గుక్క లేదు."
చేతిలోని ఆల్బకరా సారా
నా యంత్రం పక్కన పెట్టి వెళ్లిపోయాడు.
వాడికో, నాకో, చెప్పలేదు.

అప్పట్నుంచి తారగోత్ తీసినప్పుడల్లా
మధ్యమధ్య చెయ్యెత్తుతున్నాను.
ఎక్కడ ఎత్తాలో సరిగ్గా తెలీదు.
నేనే ఊపిరి బిగబడతాను,
అది ఎక్కడ తెగితే అక్కడ.
ఒక్కోసారి తప్పుచోట తెగుతుంది.
ఆడేవాళ్ల కాలు గాల్లో ఉండిపోతుంది,
యంత్రం చెడిందనుకుని
పిల్లలు తీగల వెనక్కి తొంగిచూస్తారు.

కొట్టువాడికి ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పాను.
ఓపిగ్గా విన్నాడు.
వారంటీ ఇంకా ఉంది, పట్టుకురమ్మన్నాడు.